ఎండ తాగిన మనిషి

ఎండాకాలం వచ్చిందంటే మా తోడికోడలు నంద్యాల నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. నేనెలా ఉన్నానో అడగడానికి కాదు, వాళ్ల ఊరి ఎండ గురించి చెప్పడానికి.

"అక్కా, టీవీ సూస్తివా? ఈ పొద్దు గూడా మా నంద్యాలే ముందుండాది. రాష్ట్రంలో ఇంగ యాడా లేదంట ఇంత ఎండ."

ఆ గొంతులో బాధ ఉండదు. కొడుకు పరీక్షలో మొదట వచ్చినట్టు చెబుతుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఆళ్లగడ్డలో మా నెత్తి మీద పడేది వెన్నెలా మరి? రెండు ఊళ్లకూ మధ్య బస్సెక్కితే ఒక కునుకు తీసి లేచేలోపు దిగేది వస్తుంది. అక్కడ మండే సూర్యుడే ఇక్కడా మండుతాడు. కానీ పేరు మాత్రం వాళ్లది.

"మీ ఊర్లో ఎండ కొల్సే మిషన్ ఉండాది, మా ఊర్లో లేదు. అంతేమే," అంటాను.

"అదేందక్కా అట్లంటావ్? గవర్నమెంటోల్లు కొల్సి చెప్తాండారు గదా."

"మా ఎండను ఎవురూ కొల్సలేదులే," అని ఫోన్ పెట్టేస్తాను.

ఎండ మీద కూడా ఎవరైనా కుళ్లుకుంటారా అని నవ్వుకుంటారేమో. నేను కుళ్లుకుంటాను. నాకు చదువు లేదు, పేరు రాయడం వరకే వచ్చు. నేను నోటితో చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. మధ్యమధ్యలో ఆగి, "చిన్నమ్మా, ఈ మాట గూడా రాయాల్నా?" అని అడుగుతుంది. రాయమనే చెబుతున్నాను. మా తోడికోడలు మీద నాకున్న కుళ్లు ఈ ఎండ దగ్గరే మొదలైంది కాబట్టి, ఎండ గురించి చెప్పాలంటే అది కూడా చెప్పాలి.

మా ఆయన విగ్రహాలు చెక్కే మనిషి. ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా రాళ్ల షెడ్లు ఉంటాయి. బస్సులో పోయేవాళ్లకు సగం మొహం వచ్చిన దేవుళ్లు, కాళ్లు మాత్రమే వచ్చిన అమ్మవార్లు కనిపిస్తూ పోతారు. అందులో ఒక షెడ్డులో ఆయనది ఉలి పని, నాది నునుపు పట్టే పని. ఆడవాళ్లం వెనక వైపు వరుసగా కూర్చుని, మొగవాళ్లు చెక్కిపెట్టిన బొమ్మల మీద నీళ్లు పోసుకుంటూ గరుకు కాగితంతో రుద్దుతాం. చేతులు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి కాబట్టి ఉడుకు మాకు కొంచెం తక్కువ తెలుస్తుంది. మొగవాళ్లకు ఆ సుఖం లేదు. పెద్ద రాయి షెడ్డులో పట్టదు. దాన్ని బయటే ఉంచి, పైన ఒక పట్టా కట్టి చెక్కాలి. పట్టా కింద గాలి ఆడదు, పక్కన రాయి కాలుతుంటుంది, మనిషి ఆ రెండింటి మధ్య కూర్చుంటాడు.

మా షెడ్డులో ఒక మాట ఉంది. పొద్దంతా ఎండలో పడి ఉన్న రాయిని "ఎండ తాగిన రాయి" అంటారు. అలాంటి రాయి మీద సన్న పని చేయనివ్వడు మా షెడ్డు పెద్దాయన. కన్నో ముక్కో దిద్దేటప్పుడు పెచ్చు లేస్తుందని ఆయన భయం. "ఇది ఎండ తాగిందప్పా, ఆరనీ," అంటాడు. అప్పుడు గోనె సంచులు తడిపి రాయికి కప్పుతారు. చల్లబడ్డాకే మళ్లీ ఉలి పెడతారు. నిజంగా పెచ్చు లేస్తుందో లేదో నాకు తెలియదు కానీ ఆ మాట మాత్రం అందరి నోళ్లలో నలిగింది. సాయంత్రం పని దిగేటప్పుడు మొగవాళ్లు నవ్వులాటకు, "నేను ఎండ తాగినా, ఇంగ నా మీద ఉలి పెట్టొద్దు," అని కూడా అంటారు. మా ఆయన ఎక్కువగా అనేవాడు.

కరోనా భయం వదిలాక వచ్చిన ఎండాకాలాల్లో ఒకదాంట్లో ఆయన పోయాడు.

ఆ రోజు ఆయన బయట పట్టా కింద ఒక పెద్ద నందిని చెక్కుతున్నాడు. మధ్యాహ్నం దాటాక నడక తూలిందట. చేతిలో ఉన్న సుత్తి కోసమే చుట్టూ వెతికాడట. ఎదురుగా లేని మనిషితో గొడవపడ్డాడట. పక్కన పనిచేసేవాళ్లు నవ్వుకున్నారు.

"ఏందన్నా, పైటాలకే తాగినావా?" అని ఒకతను అడిగాడు.

"తాగినా," అన్నాడట ఈయన. "శానా తాగినా."

అంతే, ఆ ఒక్క మాట పట్టుకున్నారు. మా ఆయన సాయంత్రం పూట అప్పుడప్పుడూ తాగేవాడు, దాచడానికేం లేదు. ఉలి పట్టిన చేత్తో మాత్రం ఎన్నడూ సీసా పట్టలేదు. కానీ తాగే అలవాటున్న మనిషి పగటిపూట తూలి, అడిగితే తాగినా అంటే ఎవరైనా ఏమనుకుంటారు? తీసుకెళ్లి రేకుల గోడ పక్కన నీడలో పండబెట్టారు. "పండుకోనీ, దిగుతాది," అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

నేను అదే ఆవరణలో వెనక వైపు ఉన్నాను. కోసే మిషన్ల మోతలో ఏమీ వినపడలేదు. టీ వేళకు ఒకామె వచ్చి, "మీ ఆయన పండుకోనుండాడు, లేపితే లేయల్లేదు," అంటే పరిగెత్తాను. ఒళ్లు ముట్టుకుంటే పొయ్యి మీద పెనం. చెమట చుక్క లేదు. నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. మందు వాసన లేదు. పొద్దున సంగటిలోకి కొరికిన ఉల్లిగడ్డ వాసన ఒక్కటే ఉంది. "ఈయప్ప తాగలేదు, రాండి, సూడండి!" అని అరిచాను. ఎవరూ వచ్చి వంగి చూడలేదు. ఆటో వచ్చేలోపు, ఆస్పత్రికి చేరేలోపు అయిపోయింది. గుండె ఆగిందన్నారు అక్కడ. గుండె ఆగకుండా ఎవరు పోతారు?

ఆటో ఎక్కించేటప్పుడు చూశాను, ఆయన చెక్కుతున్న నందికి తడి గోనె కప్పి ఉంది. రాయి ఎండ తాగిందని తెలిసి దానికి కప్పారు. పక్కనే పడున్న మనిషికి కప్పలేదు.

ఆయన చెప్పింది ఎండ తాగినానని. పెదవులు ఎండిపోయి ముందు మాట బయటికి రాకపోయి ఉంటుంది, లేదా వచ్చినా నవ్వుల్లో పోయి ఉంటుంది. ఇది నేను ఎంతమందికి చెప్పానో. "నువ్వు ఆడ లేవు గదమ్మా, నీకెట్ల తెలుసు?" అంటారు. వాసన చూశానంటే, "పెండ్లాంవి, అట్లనే చెప్తావులే," అంటారు. పరామర్శకు వచ్చినవాళ్లు కూడా ఏడుస్తూనే, "తాగుడు మానమంటే ఇన్యాడా మారాజు," అనేవాళ్లు. దినాల భోజనాల్లో ఆకుల ముందు కూర్చుని అదే మాట. నేను వడ్డిస్తూ విన్నాను. మొగుడు పోతే ఆడదానికి పసుపు కుంకుమ పోతాయంటారు. నా మాటకు విలువ కూడా పోయింది.

ఎండకు మనిషి పోతాడంటే మా వైపు ఎవరూ ఒప్పుకోరు. ముసలివాళ్లు పోతే వయసైపోయిందంటారు, వయసువాళ్లు పోతే తాగుడనో గుండె అనో అంటారు. ఎండ మాత్రం ఏ పాపం ఎరగనట్టు మర్నాడు మళ్లీ వస్తుంది.

తరువాతి ఎండాకాలంలో నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది.

మా మరిది, అంటే ఈయన తమ్ముడు, చిన్నప్పుడే ఉలి వదిలేసి నంద్యాలలో చేరాడు. బేతంచెర్ల నుంచి లారీల్లో వచ్చే బండలను దించుకుని అమ్మే డిపోలో పని. దించేవాళ్లు దించుతుంటే మరిది ఎండలో నిలబడి లెక్క చూసుకోవాలి. మందు ముట్టని మనిషి. ఆ సంగతి చెప్పుకోవడంలో మా తోడికోడలుకు ఎంత గొప్పో. మా ఆయన బతికున్నప్పుడు కూడా, "మా ఆయప్పకు వాసనే పడదక్కా," అని నా మొహం చూస్తూ అనేది.

ఆ రోజు ఫోన్లో అది ఎండ లెక్క చెప్పలేదు. "అక్కా, మీ మరిదికి వడదెబ్బ తగిలింది. బతికినాడు."

రెండే మాటలు. వడదెబ్బ, బతికినాడు. నా మొగుడికి ఆ రెండింటిలో ఒక్కటీ దక్కలేదు.

చూడ్డానికి పోయాను. మరిది మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కూలర్ తిరుగుతోంది. నెత్తి మీద తడిగుడ్డ. తోడికోడలు గ్లాసు నోటి దగ్గర పెడుతుంటే, "ఈ ఉప్పునీళ్లు నా వల్ల కాదుమే, తీస్కపో," అని కసురుతున్నాడు. అది బతిమాలుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఆ కసురుకోవడం విన్నాను. ఎంత బాగా కసురుతున్నాడో! గొంతులో ఎంత బలముందో! దాని చేతి గాజులు గ్లాసుకు తగిలి చప్పుడవుతున్నాయి. నేను తెచ్చిన బత్తాయిల సంచి కింద పెట్టడం మరిచిపోయి అలాగే పట్టుకుని ఉన్నాను.

వంటింట్లోకి పోయాక అడిగాను, ఎలా గుర్తుపట్టారని.

"పక్క పోర్షన్లో ఆస్పత్రిలో పనిజేసే ఆమె ఉందక్కా. సూస్తానే వడదెబ్బ అనేసింది. దుప్పటి తడిపి కప్పుమనింది, సంకల్లో ఐసు పెట్టుమనింది. ఆటో గూడా ఆమే పిల్సింది."

చూడగానే పేరు పెట్టేసింది ఎవరో ఆవిడ. పేరు దొరికింది కాబట్టి తడి దుప్పటి దొరికింది, తడి దుప్పటి దొరికింది కాబట్టి మనిషి దక్కాడు. నాకు ఆ పక్కింటామె మీద కూడా కుళ్లు పుట్టింది. ఆళ్లగడ్డలో మా పక్క ఇంట్లో ఉండి చావరాదా ఆమె?

"అంతకు ముందు ఏమయిందిమే? ఎట్ల పడినాడు?" అన్నాను.

"ఏముందక్కా, కండ్లు తిరిగినాయి, పడినాడు. అంతే." అది నా వైపు చూడలేదు. పిండేసిన గుడ్డనే మళ్లీ పిండింది.

వారం తిరిగేసరికి మరిది లేచి డిపోకు పోయాడు. నెల తిరిగేసరికి ఆయనకు ఏమీ కాలేదని ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

"వడదెబ్బా లేదు గిడదెబ్బా లేదు వదినా. ముందురోజు నిద్ర సాలలేదు, కాలీ కడుపుతో పోయింటి. దానికి వీల్లు ఊరంతా టాంటాం ఏసినారు."

ఎండ పెరిగిందని ఎవరైనా అంటే చాలు, తగులుకునేవాడు. "గవర్నమెంటు మారతాది, కరెంటు బిల్లు మారతాది. ఎండ ఏం మారతాదప్పా? కూలర్లు అమ్ముకోను టీవీలోల్లు ఆడే ఆట అది. మా నాయన చెప్పుల్లేకుండా బండలు మోసినాడు ఇదే ఎండలో." చెబుతూ చెబుతూ తన కూలర్ వైపే జరిగి కూర్చునేవాడు. ఆయన అనుకోవడం ఆయన ఇష్టం. కానీ చివరికి ప్రతిసారీ ఒక మాట తోక తగిలించేవాడు: "మా అన్న సంగతి వేరే. అది తాగి తెచ్చుకున్న సావు."

సొంత తమ్ముడే అలా అంటే ఇంక పరాయివాళ్ల నోరు ఎవరు మూయిస్తారు?

పోయిన ఎండాకాలం మా షెడ్డులో గొడవ లేచింది. వయసు పిల్లకాయలు ఒకటయ్యారు. మబ్బులోనే, ఇంకా తెల్లారకముందే పనికొస్తాం, పొద్దు నెత్తికెక్కేసరికి ఆపేస్తాం, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక దిగుతాం అని. షెడ్డు పెద్దాయన ససేమిరా అన్నాడు. పని ఆగింది. అందరూ రేకుల కింద చేరారు. సరిగ్గా ఆ రోజే మా మరిది, తోడికోడలు నంద్యాల నుంచి వచ్చి ఉన్నారు. వాళ్ల వీధిలో కట్టుకున్న చిన్న గుడికి అమ్మవారి విగ్రహం మా షెడ్డులోనే చేయమని చెప్పారు, అది ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని. విగ్రహం ఇంకా మెడ దగ్గరే ఉంది.

"మా తాత సూసిన ఎండే, మా నాయన సూసిన ఎండే," అంటున్నాడు పెద్దాయన. "మీరే మెత్తబడినారు. పరోటాలు తిని."

మిషన్ పని చేసే కుర్రాడు ఒకడు గట్టిగా మాట్లాడతాడు. "మీ తాత కాలంలో రోడ్డు పక్కన చింతమాన్లు ఉండె గదా నాయనా. షెడ్డు గూడా బోదగడ్డి కప్పిన కొట్టమే గదా. ఇప్పుడు పైన రేకు, కింద బండ. మల్ల భూమే వేడెక్కుతాందంట, దేశాలన్నిట్లో చెప్తాండారు."

"సెట్లు లేక ఉడుకు అను, ఒప్పుకుంటా. భూమి వేడెక్కేదేంది, అదేమన్నా అన్నం కుండా? వేడెక్కితే మొన్న తుపానుకు ఈ షెడ్డులో మోకాలి లోతు నీల్లు ఎట్లొచ్చె? ఎండ పెరిగితే వాన తగ్గాల గదా?"

"అది గూడా దీంతోనే అంట నాయనా. సముద్రం వేడెక్కితే వాన ఒకేపారి కుమ్మరిస్తాదంట."

"సముద్రం యాడుందప్పా? నంద్యాల్లోనా, ఆల్లగడ్డలోనా?"

అందరూ నవ్వారు. ఆ కుర్రాడి పక్కవాళ్లు కూడా నవ్వారు. నేను వెనక నా తొట్టి దగ్గర ఒక చిన్న వినాయకుడిని రుద్దుతూనే వింటున్నాను.

అప్పుడు మా మరిది ముందుకొచ్చాడు. ఆయన తొందర ఆయనది. "పగలు ఆపితే మా అమ్మవారు ఎప్పుడొస్తాదప్పా? ప్రతిష్ఠకు దినం పెట్టుకోనుండాము. ఎండకు ఏం కాదు. నాకు వడదెబ్బ అనిరి, పెద్ద గోల జేసిరి. ఏం, నేను పోతినా? ఈడనే నిలబడుండా గదా."

"మీ అన్న పోలేదా మరి?" అన్నాడు ఆ కుర్రాడు. "ఈ పట్టా కిందనే గదా."

నా చేతిలో కాగితం ఆగిపోయింది.

"మా అన్న తాగినాడప్పా," అన్నాడు మరిది. "అడిగితే తాగినానని వాడే చెప్పినాడు గదా మీ అందరికీ."

తలలు ఊగాయి. ఆ రోజు ఆయన్ని మోసుకెళ్లి పండబెట్టినవాళ్లవీ ఊగాయి. ఆ తలలు అలా ఊగడం చూశాక నేను లేచాను. చేతుల నుంచి రాతిపొడి నీళ్లు కారుతున్నాయి. మరిది దగ్గరికి పోలేదు. నలుగురిలో అన్న మాటను మొగవాళ్లు నలుగురిలో వెనక్కి తీసుకోరు. మా తోడికోడలు కుర్చీ ముందుకు పోయి నిలబడ్డాను. దానికి కుర్చీ వేశారు, నంద్యాల నుంచి వచ్చిందని.

"మే, నువ్వు చెప్పు. నీ మొగుడూ నా మొగుడూ ఒక కడుపున పుట్టినోల్లు. ఇద్దరి మీదా పడింది ఒకే ఎండ. నీ మొగుడు లేసి అమ్మవారికి బేరాలు ఆడతాండాడు. నా మొగుడు లేయలేదు. ఏంటికి?"

"అక్కా, ఈడ వద్దక్కా."

"ఈడనే. ఆ పొద్దు నీ మొగుడు ఎట్ల పడినాడో నాకు చెప్పలేదు నువ్వు. కండ్లు తిరిగినాయంటివి. అంతేనా? అమ్మవారి ముందర చెప్పు."

అది మొగుడి వైపు చూసింది. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. అది కొంగు లాగి భుజాల నిండా కప్పుకుంది. చెప్పదనుకున్నాను. ఎందుకు చెబుతుంది, మొగుడు బతికున్న ఆడదానికి మొగుడి పరువు కూడా బతికే ఉంటుంది. దాన్ని కాపాడుకోవాలి కదా.

"తూలుకుంటా వచ్చినాడు," అంది.

"ఏందిమే అది, నోర్ముయ్," అన్నాడు మరిది.

"డిపో నుంచి నడ్సుకుంటానే వచ్చినాడు. లుంగీ సగం ఊడింది గూడా తెలీదు ఈయప్పకు. వీధిలో అందరూ సూస్తాండారు. నన్ను సూసి, నువ్వెవురుమే, మా ఇంట్లో ఏం జేస్తాండావ్ అన్యాడు. సచ్చిపోయిన మా అత్తను అన్నం పెట్టమని పిల్సినాడు."

"నలుగుర్లో మానం తీస్తాండావా?"

"ఇంటికి పోయినాంక తిట్టు. ఇప్పుడు చెప్పనీ." అది కుర్చీలోంచి లేచింది. "నేను గూడా తాగినాడనే అనుకుంటి. ఎవురో తాపిచ్చినారనుకుంటి. సిగ్గుతో సచ్చిపోయి, లోపలికి రానీకుండా తలుపేసుకుంటి. అరుగు మీద పండుకోనీ, దిగుతాది, అనుకుంటి."

దిగుతాది అన్న మాట వినగానే, మా ఆయన్ని పండబెట్టినవాళ్లలో ఒకతను తల వంచుకున్నాడు. నేను చూశాను.

"పక్కింటామె వంగి మూతి వాసన సూసి, తాగలేదుమే, ఇది వడదెబ్బ, అనకపోయింటే నేను ఆ తలుపు తీసేదాన్నే కాదు. నేనూ అక్క మాదిరే..." అంటూ నా మెడ వైపు చూసి ఆగిపోయింది. తరువాత అందరి వైపూ తిరిగింది. "అక్క గూడా వాసన సూసింది. తాగలేదని ఆ పొద్దే అరిసింది. మీరు ఇనల్లేదు, మేమూ ఇనల్లేదు."

పెద్దాయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు.

"నంద్యాలామె చెప్తాండాది గదప్పా. నిజమే అయ్యుంటాది," అన్నాడు.

ఇన్నేళ్లు నేను గొంతు చించుకుని చెప్పింది నిజం కావడానికి దాని నోరు కావాల్సి వచ్చింది. నా మొగుడి నోటి వాసన చూసింది నేను. నమ్మింది దాన్ని. దానికి రుజువుగా చూపించడానికి ఒక మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, లుంగీ సరిచేసుకుంటూ. నాకేముంది చూపించడానికి?

మరిది నేల చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు, "మా అన్న గూడా అట్లనే పోయింటాడు. ఎండకే." వెంటనే మళ్లీ, "అయినా ఎండ ఏం మారలేదు. అదే ఎండ," అన్నాడు.

ఆ రెండో మాటతో నాకు పనిలేదు. మొదటి మాట నేను విన్నాను. మా ఆయన్ని నంది దగ్గర నుంచి ఎత్తుకుపోయినవాళ్లందరూ విన్నారు. పెద్దాయన వేళలు మార్చడానికి ఒప్పుకున్నాడు. "ఆడోల్లు ఇంతగా అడుగుతాండారని మారుస్తాండా. వాతావరణం మారిందని మాత్రం ఒప్పుకోను. మీ సెల్ఫోన్లో ఆ సంగతి రాసి పెట్టుకోండి," అన్నాడు కుర్రాడితో. కుర్రాడు సరేనన్నాడు. వాడికి కావాల్సింది దొరికింది.

నాకు కూడా దొరికింది కదా, మరి ఊరుకోవాలి కదా. ఊరుకోలేకపోయాను. అందరూ నా చుట్టూ చేరతారనుకున్నాను. దాని చుట్టూ చేరారు. షెడ్డు ఆడవాళ్లంతా దాని చెంపలు నిమిరి మెటికలు విరిచారు. "ఎంత గండం తప్పింది తల్లీ, నీ తాళి గట్టిది," అన్నారు. ఒకామె పోయి సోడా తెచ్చి ఇచ్చింది. నా తాళి మెత్తనిదని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు.

నేను నా తొట్టి దగ్గరికి వచ్చి వినాయకుడి బొజ్జ రుద్దడం మొదలుపెట్టాను. అది సోడా సగం తాగి, మిగిలింది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, కోపమా?"

"కోపం ఏంటికి? మంచి మాటే చెప్పినావు గదా."

"మల్ల అట్లుండావేందీ?"

"నీ మొగుడు ఇంటికి పోయినాంక తిడతాడా?"

"తిట్టడా మరి? బస్సులోనే మొదలుపెడతాడు. కొన్నాల్లు నాతో మాట్లాడడు సూడు."

"పో, తిట్టించుకో," అన్నాను.

దానికి అర్థమైందో లేదో. సోడా సీసా నా పక్కన పెట్టి వెళ్లింది. తాగలేదు నేను. సాయంత్రం దాకా అక్కడే ఉంది, తరువాత ఎవరో తీశారు.

ఇప్పుడు మా షెడ్డులో మబ్బులోనే ఉలి చప్పుడు మొదలవుతుంది. పొద్దు నెత్తికెక్కేసరికి ఆగుతుంది. కొత్తగా పనికి వచ్చినవాళ్లు అడుగుతుంటారు, ఈ షెడ్డులోనే ఎందుకిలా అని. పాతవాళ్లు చెబుతారు.

"నంద్యాల్లో ఒకాయప్పకు వడదెబ్బ తగిలి, తాగినోని మాదిరి ఊగినాడంటప్పా. సచ్చి బతికినాడు. ఇదో, ఈ యమ్మ మొగుడు గూడా అట్లనే పోయినాడంట."

నేను వెనక నుంచే గట్టిగా అంటాను, "అంట కాదప్పా. పోయినాడు. ముందు పోయింది నా మొగుడే, ఈ పట్టా కిందనే. నంద్యాలాయప్పది ఆ తర్వాత."

"అట్లనేలేమ్మా," అంటారు. ఇంకొకడు కొత్తగా చేరితే, వాడికి మళ్లీ నంద్యాల ఆయన నుంచే మొదలుపెడతారు.